శ్రీశైల మార్గము: నాటి సోపానములు, నేటి ఘాట్ రోడ్డు

ఓరుగల్లునుండి శ్రీశైలమునకు నేడు సుమారు 300 కిలోమీటర్ల దూరము. జనగామ, నల్లగొండ, దేవరకొండల మీదుగా డిండి చేరి, అచ్చట హైదరాబాదునుండి వచ్చు పెద్ద దారిలో కలిసి, మన్ననూరు దాటినంతనే నల్లమల అడవి ఎదురగును. తెల్లవారకముందు బయలుదేరినవారు మధ్యాహ్నమునకు మల్లికార్జునస్వామి దర్శనపు వరుసలో నిలుచుచున్నారు. దారిలోని మలుపులు, లోయలు, వానకాలపు పచ్చదనము, ఆనకట్టకు దిగునప్పుడు లోతున కానవచ్చు కృష్ణ, ఇవన్నియు చూడదగినవే. బస్సు కిటికీలనుండి ఫోనులతో చిత్రములు తీయువారిని నేను తప్పుపట్టను. అయితే ఈ దారికి ముందు ఏ దారి యుండెను, దానిని ఎవరు వేయించిరి, దానిలో ఎవరు నడచిరి అని అడుగువారు మిక్కిలి తక్కువ. ఆలయ చరిత్రను చెప్పు పుస్తకములు పెక్కు కలవు. ఆలయమునకు పోవు దారి చరిత్రను చెప్పునవి అరుదు. శ్రీశైల విషయమున దారి చరిత్ర ఆలయ చరిత్రకు తీసిపోదని నా అభిప్రాయము. ఈ మాసపు పాఠమున ఆ దారినే చదువుకొందము.

మొదట పేరు సంగతి. మా చిన్నతనమున పెద్దలు 'శ్రీశైలము' అను మాటను సంకల్పములోనే పలుకుచుండిరి. సంకల్పము చెప్పునప్పుడు మనము శ్రీశైలమునకు ఏ దిక్కున కూర్చుండి కర్మ చేయుచున్నామో చెప్పుకొందుము. ఓరుగల్లు వారమైన మనకు అది ఈశాన్యము. తెలుగువాడు ఎచ్చట కూర్చున్నను తన ఉనికిని ఆ కొండనుండి కొలుచుకొనుచున్నాడన్నమాట. నిత్యవ్యవహారమున మాత్రము వారు 'పర్వతము' అనియే అనెడివారు. "పర్వతమునకు పోవుచున్నాము" అనిన చాలును, ఏ పర్వతమని ఎవరును అడుగరు. ఈ వాడుక చాల పాతది. మన పాలకుర్తిలో పుట్టిన సోమనాథ మహాకవి తన పండితారాధ్య చరిత్రలో శ్రీశైలమును వర్ణించిన భాగమునకు 'పర్వత ప్రకరణము' అనియే పేరిడెను. కాలిన్ మెకంజీ అను ఆంగ్ల సైనికాధికారి 1794లో అచ్చటికి పోయి, తాను చూచినదానిని వ్రాసి ప్రకటించినప్పుడు ఆ స్థలమును 'పెర్వట్టం' అని పేర్కొనెను. దారి చూపినవారి నోట ఆయన విన్నది ఆ మాటయే.

'ఘాట్ రోడ్డు' అను మాటయందు సగము ఆంగ్లము, సగము మనది. సంస్కృతమున ఘట్టమనగా నీటిలోనికి దిగు రేవు. ఆ శబ్దమే ఉత్తరదేశ భాషలలో 'ఘాట్' అయి, నదీరేవునకును కొండకనుమకును కూడ చెల్లినది. 'తీర్థము' అను శబ్దమునకును ఇట్టిదే మూలార్థము. దాటుట అను అర్థముగల 'తౄ' ధాతువునుండి అది పుట్టినది. దేనిచేత దాటుదుమో అది తీర్థము. ఉత్తరమునుండి పోవు మనకు శ్రీశైలమున ఈ రెండర్థములును ఒకేచోట కలియుచున్నవి. కొండ దిగవలెను, కృష్ణను దాటవలెను, మరల కొండ ఎక్కవలెను. ఆనకట్టయు వంతెనయు లేని కాలమున దిగుట కాలినడకన, దాటుట పుట్టిలో, ఎక్కుట మరల కాలినడకన.

ఇంతటి అడవికొండకు నలుదిక్కుల నుండి జనులు వచ్చుచుండుటచేత, మన పూర్వులు ఒక ఏర్పాటు చేసిరి. క్షేత్రమునకు నాలుగు మహాద్వారములు, నాలుగు ఉపద్వారములు చెప్పబడినవి. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున పెన్న యొడ్డున సిద్ధవటము, పడమట తుంగభద్రా తీరమున అలంపురము, ఉత్తరమున అచ్చంపేట సమీపమునగల ఉమామహేశ్వరము. మూలలయందు ఆగ్నేయమున సోమశిల, నైరృతిని పుష్పగిరి, వాయవ్యమున సంగమేశ్వరము, ఈశాన్యమున ఏలేశ్వరము. ఇందలి సోమశిల నెల్లూరు సీమలో పెన్న యొడ్డునగలది. కొల్లాపురము కడ కృష్ణ యొడ్డునగల సోమశిల వేరు. ఈ రెంటిని కలిపి చెప్పువారు తరచుగా కనబడుచున్నారు గనుక ఈ మాట వ్రాయవలసి వచ్చినది.

ద్వారమనగా గోడకు పెట్టిన తలుపు కాదు. సిద్ధవటమునుండి శ్రీశైలము ఎంత దూరమో పటము చూచినచో తెలియును. ద్వారము చేరిన యాత్రికుడు ఇంకను ఎన్నియో దినములు నడువవలసియుండును. అయినను ఆ చోటినుండి వేసిన ప్రతి అడుగును క్షేత్రములోనిదే అని భావము. ద్వారమున స్నానము, స్వామి దర్శనము, తోడి యాత్రికులకై ఎదురుచూచుట, అడవిదారి తెలిసినవారిని కుదుర్చుకొనుట, ఇవన్నియు జరుగును. ఒంటరిగా పోదగిన అడవి కాదు. పెద్దలు ఆలోచించి పెట్టిన కట్టడి ఇది: భక్తికిని భద్రతకును ఒకే చోట ఏర్పాటు.

ఈ ద్వారముల ప్రస్తావన పురాణములయందే గాక రాతియందును కలదు. కర్ణాటకమున తాళగుందలోని స్తంభశాసనము కదంబరాజుల పుట్టుకను చెప్పుచున్నది. మయూరశర్మ అను బ్రాహ్మణుడు వేదాధ్యయనమునకై కంచిలోని ఘటికాస్థానమునకు పోయి, అచ్చట పల్లవుల ఆశ్వికునితో కలహము కలుగగా, దర్భలు పట్టిన చేత కత్తి పట్టెను. పల్లవుల సరిహద్దు కావలివారిని ఓడించి ఆయన ఆక్రమించినది శ్రీపర్వత ద్వారముల వరకు వ్యాపించిన దుర్గమారణ్యమని ఆ శాసనము చెప్పును. అది క్రీ.శ. 4వ శతాబ్దపు వృత్తాంతము. నాటికే శ్రీపర్వతమునకు 'ద్వారములు' కలవని, ఆ అడవిలోనికి సేనలు సులభముగా చొరలేవని దీనివలన తెలియుచున్నది. మహాభారత వనపర్వములోని తీర్థయాత్రా ఘట్టమున శ్రీపర్వతము పేరు వచ్చును. 8వ శతాబ్దివాడగు భవభూతి మాలతీమాధవ నాటకమున సౌదామిని అను యోగిని శ్రీపర్వతమున వ్రతము చేయుచుండును. ఉత్తరదేశపు కవికి సైతము సిద్ధులుండు దుర్గమస్థలమనగా ఈ కొండయే తోచినది.

ఇక మన ఓరుగల్లు సంగతి. కాజీపేట దర్గా కడ దొరకిన శాసనము ఒకటి పండితలోకమున ప్రసిద్ధము. కాకతి త్రిభువనమల్ల బేతరాజు అనుమకొండయందు తన పేర బేతేశ్వరాలయము కట్టించి, దానిని శివపురముతో కూడ 1090 ప్రాంతమున రామేశ్వర పండితుడను కాలాముఖాచార్యునకు ధారపోసెనని అందు కలదు. ఆ రామేశ్వర పండితుడు శ్రీపర్వతముపై మల్లికార్జున శిలామఠమునకు చెందిన ఆచార్యుడు. తొమ్మిది వందల సంవత్సరములకు పూర్వమే శ్రీశైలపు మఠమునకును అనుమకొండకును గురుశిష్య సంబంధము కుదిరినదన్నమాట. ఆ ఆచార్యులు, వారి శిష్యులు, మఠపు మనుష్యులు ఈ రెంటినడుమ తిరుగుచుండిరి గదా! దినమునకు ఆరేడు క్రోసులు నడచినను రెండు వారముల దారి. నేడు బస్సు ఆలస్యమైనదని విసుగుకొనువారము ఈ లెక్క ఒకసారి వేసికొనవచ్చును.

వేయిస్తంభముల గుడిని 1163లో కట్టించిన రుద్రదేవుడు 1185లో త్రిపురాంతకేశ్వరునకు రేవూరు అను గ్రామమును దానమొసగెను. త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారమని పైన చెప్పితిని. అటుపిమ్మట గణపతిదేవుని కాలమునను, ఆ తరువాతను కాకతీయుల శాసనములు అచ్చట పెక్కు వెలసినవి. తూర్పుద్వారమును పోషించుటయనగా ఆ దారిన పోవు యాత్రికులకు నీడ, నీరు, అన్నము కల్పించుటయే. రాజు కొండపైన గోపురము కట్టించిన నలుగురును చూతురు. ద్వారము కడ దానము చేసినచో అలసినవాడు చూచును. నాకు ఈ రెండవదియందు గౌరవము హెచ్చు.

సోమనాథుని పర్వత ప్రకరణమును దారిని తెలియగోరువారు తప్పక చదువవలెను. శివరాత్రికి శ్రీశైలమునకు తరలివచ్చు జనసమూహమును ఆయన ద్విపదలో వర్ణించిన తీరు అపూర్వము. భక్తులు పాడుకొను తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, వెన్నెల పదములు మొదలగువాని పేర్లు ఆ గ్రంథమువలననే మనకు దక్కినవి. ఆటలు, నాటకములు, బొమ్మలాటలు కూడ అందు కలవు. 'పర్వత పదములు' అను పేరును గమనింపుడు. దారిబడలిక మరచుటకై పర్వతయాత్రికులు పాడుకొన్నవని నేను ఊహింతును. అడవిలో గుంపుగా పాడుచు పోయినచో మృగములును తొలగును. దక్షిణాపథపు ఇతర ప్రాంతములనుండియు జనులు వచ్చుచుండిరి. కన్నడదేశమున ఉడుతడినుండి అక్కమహాదేవి 12వ శతాబ్దమున ఈ కొండకే వచ్చి కదళీవనమున శివైక్యమందెను. ఆమె పేరిటి గుహలు కృష్ణకు ఎగువన నేటికిని కలవు.

1323లో ఓరుగల్లు పతనమైనది. దేశము అల్లకల్లోలమైన కాలమున యాత్రలు సాగుట కష్టము. కాకతీయుల కొలువునుండి వచ్చిన కుటుంబములలోనివాడగు ప్రోలయ వేమారెడ్డి 1325లో అద్దంకి రాజధానిగా రాజ్యమేర్పరచి, శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను. ఎఱ్ఱాప్రగ్గడ హరివంశమును అంకితమందినది ఈయనయే. ఒక రాజ్యము కూలిన వెంటనే, ఇంకను యుద్ధములు ఆగకముందే, క్రొత్తరాజు కొండకు మెట్లు వేయించుట యేల? దానికి ధర్మశాస్త్రమున సమాధానము కలదు. మనవారు పుణ్యకార్యములను 'ఇష్టము', 'పూర్తము' అని రెండుగా చెప్పిరి. యజ్ఞాదికము ఇష్టము. బావులు, చెరువులు, తోటలు, దేవాలయములు, అన్నదానము మొదలగు లోకోపకారములు పూర్తము. ఇష్టము చేసినవానికి ఫలమిచ్చును. పూర్తమును ఎవరు వాడుకొనినను ఫలము పెరుగుచుండును. దుర్గమమైన దారిని సుగమము చేయుట ఈ రెండవ కోవలోనిది. ప్రజలు మరల దారినబడి క్షేత్రమునకు పోవుచున్నారనిన దేశమున శాంతి నెలకొన్నదని అర్థము. వేమారెడ్డి మెట్లు ఆ విధముగా రాజ్యప్రకటన కూడ అయినవి.

ఆ వంశమువాడే అనవేమారెడ్డి అదే శతాబ్దమున శ్రీశైలాలయమున వీరశిరోమండపమును కట్టించెను. వీరశైవులలో కొందరు అచ్చట తమ అవయవములను, శిరస్సును సైతము స్వామికి అర్పించుకొనిరని శాసనము. ఆ కాలపు తీవ్రభక్తిని మన కొలతలతో కొలువరాదు. అయినను ఒకే వంశమువారి ఈ రెండు కట్టడములలో నా మనస్సు మెట్లవైపే మ్రొగ్గును.

విజయనగర కాలమున రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించెను. ఆలయమునుండి కృష్ణ చాల లోతున పారుటచేత ఆ రేవునకు పాతాళగంగ అని పేరు. శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దపు రెండవ దశాబ్దమున స్వయముగా వచ్చి రథవీథిలో మండపములు కట్టించెను. ఛత్రపతి శివాజీ 1677లో తన దక్షిణ దండయాత్రలో ఈ అడవిదారిన వచ్చి స్వామిని, భ్రమరాంబాదేవిని సేవించెను; ఉత్తర గోపురమును ఆయన కట్టించినదిగా చెప్పుదురు. ఇవి అందరు ఎరిగినవే గనుక విస్తరింపను.

సామాన్య గృహస్థు ఈ కొండ ఎట్లు ఎక్కెనో తెలుపు వ్రాత మనకు ఒకటి కలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి, కాశి మొదలగు క్షేత్రములు సేవించి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. వారి 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయినది. తెలుగున యాత్రాగ్రంథములకు అది తొలిది. ఆయన శ్రీశైలమునకు దక్షిణపు దారిన, ఆత్మకూరు మీదుగా పోయిరి. ఆ దారిలో నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను వచ్చును. నాగలూటిలో వీరభద్రాలయము కలదు. భీముని కొలను లోయలోనికి దిగి మరల ఎక్కుటయే ఆ యాత్రలో కష్టమైన భాగము. రాతిమెట్లు అచ్చట నేటికిని కానవచ్చును. పైకి వచ్చినచోట కైలాసద్వారము. వీరాస్వామయ్యగారు భక్తులే గాని కన్ను మూసికొని నడచినవారు కారు. కందనూరు నవాబు యాత్రికులవద్ద పన్ను వసూలు చేయుచు, క్షేత్రమును బాగుచేయు విషయమున ఉపేక్ష వహించుటను వారు గ్రహించి వ్రాసిరి. మెట్లు కట్టించిన రాజునకును మెట్లెక్కువానిపై సుంకము వేసిన నవాబునకును నడుమ అయిదు వందల యేండ్లు. దారి మాత్రము అదియే.

ఈ వృత్తాంతములన్నిటను ఒక జనము పేరు తెరవెనుక నుండిపోవుచున్నది. వారు చెంచులు. రాజులు మెట్లు వేయింపకముందు అడవిలో జాడలు వేసినది వారి పాదములే. యాత్రికులకు దారి చూపినవారు, నీటితావు చెప్పినవారు, రాత్రి మంట వేసి కాచినవారు వారు. మల్లన్నను తమ ఇంటి అల్లునిగా, 'చెంచు మల్లయ్య'గా వారు భావింతురు. నేటి ఘాట్ రోడ్డుపై పోవునప్పుడు దోమలపెంట, ఈగలపెంట, సున్నిపెంట అను పేర్లు బోర్డులపై కనబడును. పెంట యనగా చెంచుల గూడెము. పిల్లలు ఈ పేర్లు చదివి నవ్వుచుందురు. వారిని కోపించనక్కరలేదు, దోమలు, ఈగలు అను మాటలలో ఆ అడవిలో బ్రతికినవారి అనుభవము కలదని చెప్పినచో చాలును. మన్ననూరు సమీపపు అడవిలో సలేశ్వరమున చైత్రపూర్ణిమకు జరుగు జాతరలో చెంచులే పూజారులు.

మోటారుదారి ఇరవయ్యవ శతాబ్దపు పని. దక్షిణమున దోర్నాలనుండి సుమారు 50 కిలోమీటర్ల దారి, ఉత్తరమున మన్ననూరునుండి సుమారు 70 కిలోమీటర్ల దారి. ఉత్తరపు దారి నేడు 765వ సంఖ్య జాతీయ రహదారిలో భాగము. దీనిపైననే నైజాము కాలపు ఫర్హాబాదు కలదు. అచ్చటినుండి అడవి మైళ్ల కొలది చాపవలె పరచుకొని కనబడును. దేవస్థానము 1929 వరకు పుష్పగిరి పీఠమువారి నిర్వహణలో ఉండి, తరువాత ఒక సంఘము చేతికి పోయి, 1949లో దేవాదాయశాఖ ఆధీనమునకు వచ్చినది. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలపు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 145 మీటర్ల ఎత్తు, 512 మీటర్ల పొడవుగల ఆ కట్టడమునకు కావలసిన యంత్రములు, సిమెంటు, వేలకొలది కూలీలు రావలెనన్న దారి బలపడక తప్పదు. ఆనకట్టతో కొండదారి దశ మారినది. ఉత్తరమునుండి వచ్చువాడు పుట్టి ఎక్కవలసిన అవసరము తీరినది.

అదే నీరు రెండు ద్వారములను ముంచినది. ఏలేశ్వరము నాగార్జునసాగరమున మునిగినది. సంగమేశ్వరము శ్రీశైల జలాశయమున మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు కొన్ని మాసములు మాత్రమే బయటపడును; అప్పుడు బురద కడిగి పూజలు చేయుదురు. కూడవెల్లి సంగమేశ్వరాలయమును మాత్రము రాతికి రాయి విప్పి అలంపురమునకు తరలించి నిలిపిరి. వరిపొలములకు నీరు, ఇండ్లకు విద్యుత్తు ఇచ్చిన పని ఇది. దానిని నిందించుట నాకు సమ్మతము కాదు. కాని అష్టద్వారముల పేర్లు చెప్పునప్పుడు రెండింటి స్థితి ఇట్లున్నదని పిల్లలకు తెలుపవలెను.

మోటారుదారి వచ్చి యాత్ర చెడినదని విచారించువారు కొందరు కలరు. వారితో నేను పూర్తిగా ఏకీభవింపను. పూర్వము ఈ కొండకు పోగలిగినవారెవరు? కాళ్లలో బలముగలవారు, లేదా డోలీ మోయించుకొను ధనముగలవారు. గర్భిణులు, వృద్ధులు, కుంటివారు, చంటిబిడ్డల తల్లులు, దినకూలికి పోకున్న పూట గడవనివారు, వీరందరు కొండను సంకల్పములో తలచి ఊరుకొనవలసినదే. పోయినవారు సైతము ఇంటి బాధ్యతలు అప్పగించి, అప్పులు తీర్చి, తిరిగివత్తుమో రామో అని చెప్పి బయలుదేరెడివారు. నేడు డెబ్బది యేండ్ల ముదుసలి మనుమని భుజము పట్టుకొని బస్సు దిగి స్వామిని చూచుచున్నది. వేమారెడ్డి మెట్లు వేయించిన ఉద్దేశము ఏదో, ఈ తారు దారి ఉద్దేశమును అదియే.

అయితే ఒక భేదము కలదు. తిరుమలను చూడుడు. అచ్చటికి తొలి ఘాట్ రోడ్డు 1944లో వచ్చినది, రెండవది 1974లో. అయినను అలిపిరి మెట్లదారి చచ్చిపోలేదు. నిత్యము వేలమంది ఎక్కుచున్నారు. దారిపొడవున నీడ, నీరు కల్పించి దానిని కాపాడిరి గనుక. క్రొత్త దారి పాత దారిని చంపదు, ఉపేక్ష చంపును. శ్రీశైలమున నాగలూటి దారిని జీవింపజేయుచున్నవారు ముఖ్యముగా కన్నడ భక్తులు. ఉగాదికి వారు గుంపులు గుంపులుగా, కంబళ్లు భుజమున వేసికొని, భీముని కొలను మెట్లెక్కి వచ్చుచున్నారు. శివరాత్రికి తెలుగువారును కొందరు నడచుచున్నారు. తక్కిన కాలమున ఆ దారి అడవిదే, పులిదే. ఉత్తరపు వైపు, అనగా మన వైపు, నడకదారి జాడ నానాటికి చెరుగుచున్నది. బేతరాజు గురువు నడచిన దిక్కు అది అని ఇచ్చటివారమే మరచినచో మరి యెవరు తలచుకొందురు?

పులి మాట వచ్చినది గనుక దానిని గూర్చి. ఈ అడవి 1983 నుండి పులుల సంరక్షణ ప్రాంతము. రాష్ట్రవిభజన తరువాత తెలంగాణ భాగమునకు అమ్రాబాదు అని పేరు. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు అటవీశాఖవారు దారి మూసివేయుదురు. గేటు కడ నిలుపబడి కోపించు భక్తులను నేను చూచితిని. పూర్వయాత్రికులును రాత్రి నడువలేదు. ప్రొద్దు గ్రుంకకముందే నాగలూటియో పెద్దచెరువో చేరి మంట వేసికొని విశ్రమించిరి. రాత్రి అడవి మృగములదని వారికి ఎవరును బోర్డు పెట్టి చెప్పనక్కరలేకపోయెను. ఇప్పుడు మన్ననూరునుండి అడవికి పైగా స్తంభములమీద దారి వేయవలెనను ప్రతిపాదన నడచుచున్నది. మృగములు క్రింద తిరుగును, వాహనములు పైన పోవును అని దాని ఉద్దేశము. అది జరుగునో లేదో ఏలినవారు చూచుకొందురు. పూర్తధర్మమున బావి త్రవ్వువాడు ఒకని దాహము తీర్చుటకు మరియొకని పొలము ఎండగట్టరాదు అను న్యాయము కలదని మాత్రము జ్ఞప్తికి తెచ్చుచున్నాను. నేటి దారిపై మన చేతిలోనున్న పని చిన్నది: కోతులకు తినుబండారములు విసరకుండుట, ప్లాస్టిక్ సంచులను, సీసాలను లోయలో పారవేయకుండుట. కోతి అరటిపండునకై దారిమీదికి వచ్చి చక్రముక్రింద పడినచో ఆ దోషము విసరినవానిదే. దీనికి ధర్మశాస్త్రమున వెదకనక్కరలేదు.

శ్రీశైలము పోలేనివారు మనకు ఐనవోలు మల్లన్న, కొమురవెల్లి మల్లన్న ఉన్నారు గదా అందురు. నిజమే. సంక్రాంతినుండి ఉగాది వరకు సాగు ఆ జాతరలలో ఒగ్గువారు చెప్పు మల్లన్న కథలయందు పర్వతము పేరు వినబడుచునేయుండును. కాని కాలును వాహనమును ఉన్నవారు పర్వతము చూడవలెను.

ఈ మార్గశిర, మాఘ మాసములలో పోవువారికి నాలుగు మాటలు. దర్శనమైన తరువాత దోర్నాల దారిలో సుమారు 8 కిలోమీటర్లు పోయి శిఖరేశ్వరము తప్పక చూడుడు. హైదరాబాదు వైపునుండి వచ్చి అదే దారిన తిరిగిపోవు మనవారిలో పెక్కురు దానిని చూడకయే వచ్చుచున్నారు. అది సముద్రమట్టమునకు సుమారు 2,830 అడుగుల ఎత్తున, ఈ కొండలన్నిటికి తలయై యున్నది. నువ్వులు నూరి నంది కడ ఉంచి, కొమ్ముల నడుమనుండి ఆలయ శిఖరమును చూచు ఆచారము అచ్చటిదే. దక్షిణపు దారిన నడచివచ్చినవానికి స్వామి శిఖరము తొలిసారి కనబడునది అచ్చటనే గనుక ఆ చోటికి అంత మహిమ.

పోవునప్పుడు మాత్రము తిన్నగా గేటు దాటిపోవలదు. మన్ననూరునకు ముందే, రంగాపురము కడ ప్రధాన మార్గమునుండి కొద్ది దూరమున ఉమామహేశ్వరము కలదు. కొండచరియ క్రింద స్వామి, చల్లని నీడ, రాతినుండి జాలువారు పాపనాశన తీర్థము. ఉత్తరద్వారము అదియే. ఓరుగల్లునుండి అర్ధరాత్రి దాటిన పిదప బయలుదేరినచో తెల్లవారునప్పటికి అచ్చటికి చేరవచ్చును. స్నానము, దర్శనము ముగించి దిగివచ్చునప్పటికి మన్ననూరు గేటు తెరచియుండును.